డిమ్, ఫెయింట్, గ్లిమ్మర్: తక్కువ వెలుతురుకి ఏ మాట వాడితే మేలు?
డిక్షనరీ తీస్తే మూడింటికీ కాస్త అటూ ఇటూగా ఒకటే అర్థం కనిపిస్తుంది, అందుకే చాలామంది ఏదో ఒకటి రాసేసి వెళ్ళిపోతారు, కానీ వాడుకలో మూడింటిదీ తలో దారి.

నన్నడిగితే రోజువారీ ఇంగ్లీషుకి డిమ్ చాలు. గదిలో వెలుతురు చాలకపోయినా, ఫోన్ స్క్రీన్ బ్రైట్‌నెస్ తగ్గించమనాలన్నా అదే, ఎందుకంటే అది విశేషణంగానూ పనికొస్తుంది, క్రియగానూ పనికొస్తుంది. ఫెయింట్‌తో ఆ పని అవ్వదు, క్రియగా వాడితే స్పృహ తప్పి పడిపోవడం అని అర్థం కాబట్టి లైట్లని ఫెయింట్ చెయ్యమంటే ఎదుటివాళ్ళు నవ్వుతారు. 2019 చివర్లో బెటెల్‌గ్యూస్ నక్షత్రం వెలుగు తగ్గడం మొదలై 2020 ఫిబ్రవరికల్లా బాగా పడిపోయింది కదా, దాన్ని గ్రేట్ డిమ్మింగ్ అన్నారు, ఉన్న వెలుగు తగ్గింది కాబట్టి. అదే టెలిస్కోప్ లేకపోతే అసలు కంటికే ఆనని నక్షత్రమైతే ఎక్కువగా ఫెయింట్ స్టార్ అంటారు, అంటే మన దాకా చేరేదే అంతంతమాత్రం అని.

ఫెయింట్‌కి ఇంకో సౌకర్యం ఉంది, వెలుతురొక్కటే కాదు, లీలగా వినిపించే శబ్దానికీ లీలగా తగిలే వాసనకీ కూడా సరిపోతుంది, అక్కడ డిమ్ అతకదు. మనుషుల విషయంలో మాత్రం డిమ్‌తో జాగ్రత్త, ఎవర్నైనా డిమ్ అంటే బుర్ర తక్కువ అని తిట్టినట్టే. ఏదైనా విషయం మీద డిమ్ వ్యూ ఉందన్నా చూపు మసకని కాదు, అది వాళ్ళకి నచ్చలేదని.

గ్లిమ్మర్ అంటే మినుకుమినుకుమనేది, అంటే కదలిక ఉండాలి. నిలకడగా వెలిగే చిన్న బల్బుకి అది పెట్టకండి, దూరంగా గాలికి ఊగే దీపానికైతే బాగుంటుంది. కానీ దీని అసలు బలం ఆశ గురించి మాట్లాడేటప్పుడే తెలుస్తుంది. ఫెయింట్ హోప్ అంటే ఇక దాదాపు పోయినట్టే, గ్లిమ్మర్ ఆఫ్ హోప్ అంటే అంత చీకట్లోనూ ఏదో కనిపిస్తోందని. పేషెంట్ వాళ్ళకి ఇంగ్లీషులో మెసేజ్ పెట్టేటప్పుడు ఈ తేడా చూసుకోండి.

గ్లీమ్ కూడా ఉంది కదా అంటారేమో, అది ఎక్కువగా పాలిష్ చేసిన వస్తువుల తళతళకి వాడతారు, ఈ లిస్టులో కలపక్కర్లేదు.