సిల్డెనాఫిల్, టడలాఫిల్ మాత్రలు: ఏది ఎవరికి, ఎక్కడ కొనాలి, ఎక్కడ కొనకూడదు

ముందే తేల్చి చెప్పేస్తాం. అంగస్తంభన సమస్యకు మెడికల్ షాపులో బిల్లుతో దొరికే సిల్డెనాఫిల్ 50 మిల్లీగ్రాముల మాత్ర మంచి మందు. టడలాఫిల్ కూడా అంతే. వీటితో ప్రాణం మీదికి తెచ్చుకునేవాళ్లు ఎక్కువగా రెండు తప్పులు చేస్తారు. గుండె మందు వాడుతున్న సంగతి డాక్టరు దగ్గర దాస్తారు, లేదా సిగ్గుపడి దొంగచాటు దారిలో కొంటారు. అందుకే ఇక్కడ మాత్ర గురించి ఎంత రాశామో, కొనే చోటు గురించీ అంతే రాశాం.

వయాగ్రా పేరుతో ఫైజర్ సిల్డెనాఫిల్‌ను 1998లో అమెరికాలో విడుదల చేసింది. మన దేశంలో అప్పటికి మందు అణువుకు పేటెంటు ఇచ్చే చట్టం లేదు. దాంతో 2001 నాటికే జైడస్ వాళ్ల పెనెగ్రా, ర్యాన్‌బ్యాక్సీ వాళ్ల కావెర్టా షాపుల్లోకి వచ్చేశాయి. అసలు వయాగ్రా ఇక్కడ అమ్మకానికి వచ్చింది 2005 చివర్లో. ఇప్పుడు ఎక్కువగా వినిపించేవి మ్యాన్‌ఫోర్స్, సుహాగ్రా. టడలాఫిల్‌లో మెగాలిస్, టడాసిప్. వీటిలో ఏది ఎక్కువ పవర్ అని కౌంటర్ దగ్గర అడగడం దండగ. లైసెన్సు ఉన్న కంపెనీ ఎవరు చేసినా 50 మిల్లీగ్రాములు 50 మిల్లీగ్రాములే. బ్రాండు పేరు పక్కన పెట్టి మందు పేరు, మోతాదు చూడండి.

ఈ మాత్ర కోరిక పుట్టించదు. వేసుకుని ఊరికే కూర్చుంటే ఏమీ జరగదు. ఉద్రేకం కలిగినప్పుడు అంగంలో నైట్రిక్ ఆక్సైడ్ విడుదలై, దాని వల్ల రక్తనాళాలను వదులు చేసే పదార్థం ఒకటి తయారవుతుంది. పీడీఈ5 అనే ఎంజైము ఆ పదార్థాన్ని విరగ్గొడుతూ ఉంటుంది. మాత్ర చేసేదల్లా ఆ ఎంజైమును కాసేపు ఆపడమే. ఈ సంగతి గుర్తుంచుకుంటే గుండె మందుతో గొడవ ఎందుకో తర్వాత తేలిగ్గా అర్థమవుతుంది.

సిల్డెనాఫిల్ సంభోగానికి సుమారు గంట ముందు వేసుకోవాలి. మామూలుగా 50తో మొదలుపెడతారు. 65 ఏళ్లు దాటినవాళ్లకు, లివరు లేదా కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్లకు 25తో. రోజుకు ఒక్కసారే, ఎట్టి పరిస్థితుల్లోనూ 100 దాటకూడదు. నాలుగైదు గంటలు పనిచేస్తుంది. ‘మందు పనిచేయలేదు’ అనేవాళ్లలో చాలామంది కడుపు నిండా మటన్ బిర్యానీ తిన్నాక వేసుకున్నవాళ్లే. కొవ్వు ఎక్కువున్న భోజనం తర్వాత వేసుకుంటే మందు రక్తంలో గరిష్ఠ స్థాయికి చేరడం గంట ఆలస్యమవుతుంది, ఆ స్థాయి కూడా 29 శాతం దాకా తగ్గుతుంది. పావుగంట చూసి ఇంకో మాత్ర మింగడం ఇక్కడే మొదలవుతుంది. అలా చేయొద్దు. తేలికగా తిని, రెండు గంటలు ఆగి వేసుకుంటే అదే 50 సరిపోతుంది. మద్యం కూడా బీపీని తగ్గిస్తుంది, అంగస్తంభననూ దెబ్బతీస్తుంది. మొదటిసారి అనుకున్నంత ఫలితం లేకపోయినా మందు పనికిరాదని తేల్చేయకండి. సరైన మోతాదు సరైన పద్ధతిలో కనీసం ఆరేడు సార్లు వాడాకే డాక్టర్లు ఆ మాట అంటారు.

టడలాఫిల్‌కు తిండితో పేచీ లేదు. 10 మిల్లీగ్రాములతో మొదలుపెడతారు, ప్రభావం 36 గంటల దాకా ఉంటుంది. శుక్రవారం రాత్రి వేసుకుంటే శనివారమంతా ఉంటుందన్నమాట, టైము చూసుకునే హడావిడి ఉండదు. రోజూ వేసుకునే 5 మిల్లీగ్రాముల మాత్ర కూడా ఉంది. ప్రొస్టేటు వాచి రాత్రిళ్లు పదేపదే మూత్రానికి లేచే యాభై దాటినవారికి మా ఓటు దీనికే, ఎందుకంటే ఆ సమస్యకూ ఇది ఆమోదం ఉన్న మందు. లోపం ఏమిటంటే మర్నాడు నడుము నొప్పి, కండరాల నొప్పులు రావచ్చు. సిల్డెనాఫిల్‌తో తలనొప్పి, ముఖం వేడెక్కడం, ముక్కు దిబ్బడ ఎక్కువ, కొందరికి కాసేపు చూపు నీలంగా కనిపిస్తుంది. ఏదో ఒకటే వాడాలి, రెండూ కలిపి వేయకూడదు.

షాపువాళ్లు చేతిలో పెట్టే ‘టూ ఇన్ వన్’ మాత్రలకు మేం మార్కులు వేయం. వాటిలో సిల్డెనాఫిల్ లేదా టడలాఫిల్‌తో పాటు డపాక్సెటిన్ ఉంటుంది. అది శీఘ్రస్ఖలనానికి వాడే మందు. కళ్లు తిరిగి పడిపోవడం దాని దుష్ప్రభావాల్లో ఒకటి. డిప్రెషన్ మాత్రలు, ట్రమడాల్ వంటి నొప్పి మాత్రలు వాడేవాళ్లకు ప్రమాదం. ఆ సమస్య లేనివాళ్లు దాన్ని మింగడం అనవసరం.

ఇక గుండె మందు సంగతి. నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్, రోజూ వేసుకునే మోనోట్రేట్, నైట్రోకాంటిన్ వంటివన్నీ నైట్రేట్లు. ఇవి నైట్రిక్ ఆక్సైడ్‌ను పెంచుతాయి. దాని పనికి అడ్డుకట్ట వేసే ఎంజైమును మన మాత్ర ఆపేస్తుంది. రెండూ కలిస్తే రక్తనాళాలు ఒంటినిండా వదులైపోయి బీపీ ఒక్కసారిగా కుప్పకూలుతుంది. ఇందులో తక్కువ మోతాదు, ఎక్కువ మోతాదు అనే బేరం లేదు. నైట్రేటు వాడేవారు ఈ మాత్రలు ముట్టకూడదు. నికోరాండిల్‌కూ ఇదే నియమం. స్టెంట్ వేయించుకున్నవాళ్లు ‘అత్యవసరానికి’ అని జేబులో సార్బిట్రేట్ పెట్టుకుని తిరుగుతారు, రోజూ వాడటం లేదు కదా అని డాక్టరుకు చెప్పరు. అది కూడా చెప్పాల్సిందే.

దీనికి ఇంకో వైపు ఉంది, ఇంట్లోవాళ్లకూ తెలియాలి. మాత్ర వేసుకున్నాక ఛాతీలో నొప్పి వస్తే వెంటనే పని ఆపి 108కి ఫోన్ చేయాలి. వచ్చినవాళ్లతో ‘ఫలానా మాత్ర, ఇన్ని గంటలకు వేసుకున్నారు’ అని తడుముకోకుండా చెప్పాలి. సిల్డెనాఫిల్ వేసుకున్న 24 గంటల్లో, టడలాఫిల్ వేసుకున్న 48 గంటల్లో నైట్రేటు ఇవ్వకూడదు. గుండెపోటు అనుకోగానే ఎవరైనా మొదట నాలుక కింద పెట్టేది అదే. ఆ క్షణాన సిగ్గుపడి నోరు మెదపకపోతే, కాపాడటానికి ఇచ్చిన మాత్రే చంపుతుంది.

గత 6 నెలల్లో గుండెపోటో పక్షవాతమో వచ్చినవాళ్లు, బీపీ 90/50 కన్నా తక్కువున్నవాళ్లు డాక్టరు ఒప్పుకోకుండా వాడకూడదు. ప్రొస్టేటుకు టామ్సులోసిన్, బీపీకి ప్రాజోసిన్ వాడుతుంటే తక్కువ మోతాదుతో మొదలవ్వాలి, లేకపోతే లేచి నిలబడగానే కళ్లు తిరుగుతాయి. చాలామంది గమనించనిది ఇంకొకటి: తామరకు వారాల తరబడి వాడే ఇట్రాకొనజోల్ క్యాప్సూల్. లివరులో సిల్డెనాఫిల్‌ను విరగ్గొట్టే ఎంజైమును అది అడ్డుకుంటుంది కాబట్టి 50 వేసుకున్నా ఒంట్లో అంతకు మించి పనిచేస్తుంది. అలాంటప్పుడు సిల్డెనాఫిల్ 25తోనే మొదలుపెట్టాలి. గ్యాస్ట్రిక్ ఇన్‌ఫెక్షన్‌కు ఇచ్చే క్లారిత్రోమైసిన్ కూడా ఈ కోవలోదే. టీబీకి వాడే రిఫాంపిసిన్ దీనికి పూర్తి విరుద్ధంగా సిల్డెనాఫిల్‌ను త్వరగా ఖర్చు చేసేస్తుంది. అంగం 4 గంటలు దాటినా మామూలు స్థితికి రాకపోయినా, ఒక కంటి చూపు గానీ వినికిడి గానీ హఠాత్తుగా పోయినా తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

డాక్టరు దగ్గరికి వెళ్లమనడానికి చీటీ ఒక్కటే కారణం కాదు. అంగంలోని ధమనులు గుండె ధమనుల కన్నా సన్ననివి. కొవ్వు పేరుకోవడం మొదలైతే ముందు ఇబ్బంది కనిపించేది అక్కడే, గుండెలో లక్షణాలు కొన్నేళ్లకు గానీ బయటపడవు. నలభై ఏళ్ల మనిషికి ఈ సమస్య వస్తే షుగరు, బీపీ, కొలెస్టరాల్ పరీక్షలు చేయించడం మాత్ర కన్నా ముఖ్యం.

నకిలీల విషయానికొస్తే, జనం వీటిని ‘పనిచేయని సుద్దముక్కలు’ అనుకుంటారు. అంతటితో పోతే అదృష్టమే. సింగపూర్‌లో 2008 జనవరి నుంచి మే నెలాఖరులోపు షుగరు జబ్బే లేని 150 మంది రక్తంలో చక్కెర దారుణంగా పడిపోయి ఆసుపత్రుల్లో చేరారు. 7గురు కోమాలోంచి తేరుకోలేదు, నలుగురు చనిపోయారు. వాళ్లు వాడినవాటిలో నకిలీ సియాలిస్ (టడలాఫిల్ బ్రాండు) ఉంది, మూలికల మందులని అమ్మినవీ ఉన్నాయి. వాటిలో బయటపడింది గ్లిబెన్‌క్లమైడ్, మన దగ్గర డయోనిల్ పేరుతో తెలిసిన షుగరు మందు. ఫైజర్ శాస్త్రజ్ఞులు ఒకసారి 22 వెబ్‌సైట్ల నుంచి వయాగ్రా తెప్పించి పరీక్షిస్తే 77 శాతం నకిలీవని తేలింది. వాటిలో అసలు మందు లేబుల్ మీద రాసినదాంట్లో 30 నుంచి 50 శాతమే. సగం మందున్న నకిలీకి అలవాటుపడినవాడు రెండేసి, మూడేసి మింగడం నేర్చుకుంటాడు. రేపు అదే లెక్కన అసలు మాత్రలు మింగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

‘సైడ్ ఎఫెక్టులు లేని ఆయుర్వేదం, గంటలో ఫలితం’ అనే క్యాప్సూళ్లను, తేనె ప్యాకెట్లను మరీ గట్టిగా అనుమానించాలి. గంటలో పనిచేసే ‘మూలిక’లో చాలాసార్లు ఉండేది లెక్కాపత్రం లేని సిల్డెనాఫిలే. నైట్రేటు వాడే పెద్దాయన, ఇంగ్లిషు మందు పడదని చెప్పారు కదా అని ఈ లేహ్యం తింటే, అదే ప్రమాదం వేరే డబ్బాలో వచ్చినట్టే. అసలు నపుంసకత్వం నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడాన్నే 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధించింది. బస్టాండు గోడల మీద కనిపించే గ్యారంటీ చికిత్స పోస్టరు అతికించడమే నేరం.

కొనేటప్పుడు స్ట్రిప్పును చేతిలోకి తీసుకుని ఒక నిమిషం చూడండి. ఎడమ పక్క నిలువుగా ఎర్ర గీత, ఆర్‌ఎక్స్ గుర్తు, డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలనే షెడ్యూల్ హెచ్ హెచ్చరిక, ‘సిల్డెనాఫిల్ సిట్రేట్ టాబ్లెట్స్’ అనే మందు పేరు, తయారీ లైసెన్సు నంబరు, ఫ్యాక్టరీ పూర్తి చిరునామా ఉండాలి. బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, ఎక్స్‌పైరీ, ఎంఆర్‌పీ వేరుగా అచ్చువేసి ఉంటాయి. బొటనవేలితో రుద్దితే చెరిగిపోతే తీసుకోవద్దు. అట్టపెట్టె ఉంటే దాని మీది బ్యాచ్ నంబరు స్ట్రిప్పు మీదిదీ ఒకటే కావాలి. మాత్ర అంచులు పొడిపొడిగా రాలడం, రంగు మచ్చలు మచ్చలుగా ఉండటం, రేకు ఒక గుంత దగ్గర లేచి ఉండటం, స్పెల్లింగ్ తప్పులు చెడు గుర్తులు. అయినా ఒక మాట గట్టిగా చెప్పాలి: బాగా చేసిన నకిలీని కంటితో పట్టడం కుదరదు. క్యూఆర్ కోడును కూడా ఫొటో తీసి అచ్చువేయొచ్చు.

అందుకే బిల్లు కావాలి. బిల్లులో మందు పేరు, కంపెనీ, బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ ఉంటాయి. అక్కడే నిలబడి బిల్లులోని బ్యాచ్‌ను స్ట్రిప్పు మీదిదానితో సరిచూసుకోండి. నకిలీ సరుకు కలిపే షాపుకు ఇది ఇబ్బంది, ఎందుకంటే ఆ బ్యాచ్ ఎక్కడ కొన్నారో డ్రగ్ ఇన్‌స్పెక్టరుకు లెక్క చూపాలి. స్ట్రిప్పు కత్తిరించి ఒక మాత్రను కాగితంలో చుట్టిస్తే వద్దనండి. బ్యాచ్, ఎక్స్‌పైరీ ఉన్న ముక్క షాపులోనే ఉండిపోతుంది. నాలుగు మాత్రల స్ట్రిప్పులు దొరుకుతాయి, మొత్తం తీసుకోండి. బల్ల కింద నుంచి తీసి, బిల్లు లేకుండా, ఎంఆర్‌పీలో సగానికే ఇస్తానంటే ఆ షాపు మళ్లీ తొక్కొద్దు.

ఆన్‌లైన్‌లో డాక్టరు చీటీ అప్‌లోడ్ చేయమని అడిగి, అమ్మే షాపు డ్రగ్ లైసెన్సు నంబరుతో బిల్లు పంపే ఫార్మసీలు ఫర్వాలేదు. ఇంటికి వచ్చే సౌకర్యం వల్ల మొహమాటస్తులకు ఇవే మేలు కూడా. చీటీ అడగకుండా వాట్సాప్‌లోనో టెలిగ్రామ్‌లోనో ‘ఎక్స్‌పోర్ట్ క్వాలిటీ’, ‘అమెరికా సరుకు’ అని అమ్మేవాటికి మేం సున్నా ఇస్తాం.

విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లు ఇక్కడి నుంచి కొరియరులో తెప్పించుకునే పద్ధతి మానుకోవడం మంచిది. అమెరికాలో జెనరిక్ సిల్డెనాఫిల్ 2017 డిసెంబరు నుంచి దొరుకుతోంది. బ్రిటన్‌లో 50 మిల్లీగ్రాముల వయాగ్రా కనెక్ట్‌ను 2018 నుంచి ఫార్మసిస్టే నాలుగు ప్రశ్నలడిగి, చీటీ లేకుండా ఇస్తున్నాడు. అక్కడ దొంగచాటుగా తిరిగే కామాగ్రా అనే సిల్డెనాఫిల్ బ్రాండుకు బ్రిటన్‌లో లైసెన్సే లేదు.

కొన్న మందు మీద అనుమానం వస్తే మిగిలిన మాత్రలు పారేయకండి. స్ట్రిప్పు, పెట్టె, బిల్లు కలిపి ఒక కవరులో పెట్టి ఎండ తగలని చోట ఉంచండి. తెలంగాణలో డ్రగ్స్ కంట్రోల్ అడ్మినిస్ట్రేషన్ టోల్ ఫ్రీ నంబరు 1800-599-6969కి పనివేళల్లో ఫోన్ చేయవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో జిల్లా డ్రగ్ ఇన్‌స్పెక్టరుకు రాతపూర్వకంగా ఇచ్చి, తీసుకున్నట్టు సంతకం అడగండి. 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం 26వ సెక్షన్ ప్రకారం, మందు కొన్న ఎవరైనా నిర్ణీత రుసుము కట్టి ప్రభుత్వ అనలిస్టు చేత పరీక్ష చేయించుకుని, సంతకంతో కూడిన రిపోర్టు తీసుకోవచ్చు. దానికి తెరవని స్ట్రిప్పు ఉంటే మేలు.