అరకులో గ్లాసుడు పాలు వేడిచేస్తే 40 రూపాయలు

చంటిపిల్లాడి పాలు వేడిచేసి ఇచ్చినందుకు గ్లాసుకి 40 రూపాయల చొప్పున బిల్లులో రాసిన రిసార్టు ఒకటి అరకులో ఉంది. ఆ మర్నాడే డుంబ్రిగుడ దగ్గర ఒక గిరిజన కుటుంబం అదే పిల్లాడికి కట్టెల పొయ్యి మీద నీళ్లు కాచి, ఒళ్లు తుడిచి, నా చేతికిచ్చి, పైసా పుచ్చుకోలేదు. చంటిపిల్లలతో, పెద్దవాళ్లతో అరకు వెళ్లేవాళ్లు ఈ రెండూ తెలుసుకుని వెళ్లాలనే రాస్తున్నాను.

దసరాకి హైదరాబాదు నుంచి మా తమ్ముడింటికి విజయనగరం వెళ్లినవాళ్లం, కార్తీకం వచ్చినా కదల్లేదు. మరదలికి నెలలు నిండాయి, పుట్టిల్లూ ఆ ఊళ్లోనే. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. చింతమాను చివర పూజారి కూర్చుని ఊరేగుతుంటే కోట దగ్గర కాలు పెట్టే చోటు లేదు. 60 రూపాయలు తీసుకునే ఆటో ఆ పూట 250 అడిగాడు, ఇచ్చాం. ఆ వారంలోనే పాప పుట్టింది. మా అమ్మ పొద్దున్నే వియ్యపురాలింటికి వెళ్లిపోయేది. కాళ్లు బార్లా చాపి పాపని వాటి మీద బోర్లా పడుకోబెట్టుకుని, నూనె రాసి, సున్నిపిండితో నలిచి, వేడినీళ్లు పోసి, సాంబ్రాణి పొగ పట్టేది. మోకాళ్లు నొప్పులని హైదరాబాదులో మెట్లెక్కని మనిషి! 21వ రోజున ఉయ్యాల్లో వేశాం. బెంగుళూరు నుంచి అక్క కూతురు, అల్లుడు, ఎనిమిదో నెల నడుస్తున్న వాళ్ల బాబు వచ్చారు. ఇంతమందిమి కలిశాం కదా, అరకు వెళ్దామన్నాడు అల్లుడు. అమ్మకి పాపని వదిలి రావడం ఇష్టం లేదు, ముభావంగానే బయల్దేరింది.

కొత్తవలసలో కిరండూల్ ప్యాసింజర్ ఎక్కాం. అద్దాల విస్టాడోమ్ పెట్టెలో సీట్లు ముందే అయిపోయాయి. దొరకలేదని నాకేమీ బాధ లేదు. మామూలు పెట్టెలో కిటికీ పక్కన కూర్చుంటే కొండగాలి మొహానికి తగులుతుంది. ఇనుప ఖనిజం మోయడానికి 1960ల్లో వేసిన లైను ఇది. శృంగవరపుకోట దాటాక బండి కొండెక్కడం మొదలుపెడుతుంది, మొత్తం లైను మీద యాభైకి పైగా సొరంగాలు. చీకటి పడగానే పెట్టెలో కుర్రాళ్లందరూ ఒక్కసారిగా కేకలు. మొదటి సొరంగంలో మా బాబు బిక్కమొహం వేశాడు. మూడోదానికల్లా వెలుతురు రాగానే నవ్వుతున్నాడు. నాలుగోదాంట్లో వాడే అరిచాడు. అమ్మ నవ్వింది కూడా అప్పుడే.

అరకులో దిగింది శనివారం. ఒక ఏజెంటుతో ఫోన్లో మాట్లాడి రెండు గదులు, గదికి 3,600, అడ్వాన్సు 3,000 యూపీఐలో పంపి ఉంచాం. ఫొటోల్లో కొండవైపు వరండా, లోపల గీజరు. తీరా వెళ్తే ఒక గదే ఉందన్నారు. రెండోది వెనకాల జనరేటరు పక్కన. పెద్ద గ్రూపు వచ్చిందట, మీరు నలుగురైదుగురే కదా సర్దుకోండన్నాడు మేనేజరు, కూర్చున్న కుర్చీలోంచి లేవకుండానే. డబ్బు ముందే కట్టింది మేము, సర్దుకోవాల్సిందీ మేమేనా? మావారు గొంతు పెంచారు. బాబు ఏడుపు లంకించుకున్నాడు. అమ్మ నడుం నొప్పితో రిసెప్షన్ సోఫాలో ఒరిగిపోయింది. వేరే చోట అడిగితే ఎక్కడా ఖాళీ లేదు. వాళ్లకి తెలుసు, మాకు దారి లేదని.

గీజరు పనిచేయలేదు. వేడినీళ్లు బకెట్టు 50. దుప్పట్లు ముక్క వాసన. పరుపు అడిగితే 800. చీకటి పడ్డాక మా కిటికీ ముందే మంట వేసి, స్పీకర్లు పెట్టి, ఒంటిగంట దాకా పాటలు. పిల్లాడున్నాడు, కాస్త తగ్గించండని అక్క కూతురు వెళ్లి అడిగితే, ‘అందరూ ఎంజాయ్ చేయడానికే వస్తారు మేడం’ అన్నారు. బాబుని భుజాన వేసుకుని ఆ రాత్రంతా గదిలో తిరుగుతూనే ఉంది పిల్ల. పొద్దున బిల్లు: గదులు 7,200, పరుపు 800, వేడినీళ్లు నాలుగు బకెట్లకి 200, పాలు మూడుసార్లు వేడిచేసినందుకు 120, మేము దగ్గరికి కూడా వెళ్లని క్యాంప్ ఫైర్‌కి 1,000. మొత్తం 9,320. అందులో మా 3,000 తగ్గించమంటే, తమకు చేరింది 2,000 మాత్రమేనని, మిగతా వెయ్యి ఏజెంటు కమీషనని చెప్పాడు. 7,320 కట్టించుకున్నాడు. కట్టాం గానీ బిల్లు మీద సంతకం చేయమని పట్టుబట్టి చేయించాను. మీరు కూడా చేయించండి.

పాడేరు వైపు వెళ్లడానికి కారు మాట్లాడుకున్నాం. డ్రైవరు కుర్రాడు మా మొహాలు చూసి, డుంబ్రిగుడ దాటాక తనకు తెలిసినవాళ్ల ఇంటికి తీసుకెళ్లాడు. ఇంటి పక్కనే రెండు గదులు కట్టి అద్దెకిస్తున్నారు, గది 1,200. సిమెంటు గచ్చు, శుభ్రమైన బాత్రూం, ఉతికిన దుప్పట్లు. టీవీ లేదు, అక్కర్లేదు కూడా. బాబుకి నీళ్లు కావాలని అడగబోతే ఇంటావిడ అప్పటికే పొయ్యి రాజేస్తోంది. ‘చలి తగల్నీకండమ్మా, నీళ్లు కాసి ఇత్తాను’ అంది. కాచి, మోచేత్తో వేడి చూసి, వాకిట్లో ఎండ పడేచోట పీట వేసి, తనే పోసింది. అమ్మ పక్కన కూర్చుని చూస్తూ, ఆవిడ చేయి బాగుందంది. మా అమ్మ నోట ఆ మాట రావడం చిన్న విషయం కాదు. ఆ మధ్యాహ్నం బాబు, వాళ్లమ్మ గుర్రుపెట్టి నిద్రపోయారు.

భోజనం మనిషికి 150. అన్నం, అక్కడే పండిన రాజ్మాతో కూర, చింతపండు వేయని పల్చటి పప్పు, చిలగడదుంపలు. పొద్దున చోడి అంబలి. మా వైపు రాగులంటాం, అక్కడ చోళ్లు. ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకుంటూ మావారు రెండు గిన్నెలు తాగారు. రాత్రి నాటుకోడి కూరకి విడిగా 900 తీసుకున్నారు, న్యాయమైన ధరే. వెదురుబొంగులో చికెన్ అరకు రోడ్డు మీదా తిన్నాం గానీ, ఉప్పు తప్ప ఏమీ తెలియలేదు.

బొర్రా గుహలు నేను ఇదివరకు చూసినవే, మెట్లు ఎక్కువ, అమ్మ ఉంది కాబట్టి ఈసారి వదిలేశాం. పాడేరు దగ్గరి వంజంగి కొండకి మావారు, అల్లుడు, నేను వెళ్లాం. తెల్లవారుజామున మూడింటికి జీపు, 2,500. బండి వెళ్లేదాకా వెళ్లి ఆ తర్వాత నడక. మంచుకి మట్టి జారుతుంది, బూట్లు లేకుండా వెళ్లొద్దు. సూర్యుడు పైకి వచ్చేసరికి కింద లోయ కనపడలేదు, అంతా మబ్బే, కొండల తలలు మాత్రమే పైకి ఉన్నాయి. చూడాల్సిందే. కానీ అక్కడికి వచ్చేవాళ్లు పారేసిన నీళ్ల సీసాలు, నూడుల్స్ కప్పులు పొదల నిండా ఉన్నాయి. సీసా మోసుకొచ్చినవాడు ఖాళీ సీసా మోసుకెళ్లలేడా?

వలిసె పూలు పొలాలనిండా పసుపుపచ్చగా విచ్చి ఉన్నాయి. ఫొటో తీసుకోవడానికి మనిషికి 20 అడుగుతున్నారని చాలామంది విసుక్కుంటున్నారు. నేనైతే సంతోషంగా ఇచ్చాను. అది వాళ్ల పంట, ఆ గింజలు ఆడిస్తే నూనె వస్తుంది. మనం తొక్కుకుంటూ వెళ్తే నష్టం వాళ్లది. గట్టు మీద నిలబడి తీసుకోండి, చాలు.

నా సలహా ఇదీ. శని, ఆదివారాలు వద్దు. కార్తీకంలో అయితే అసలే వద్దు, మంగళ, బుధవారాలు చూసుకోండి. గది చూడకుండా పూర్తి డబ్బు పంపకండి. అడ్వాన్సు ఎవరి పేరు మీద వెళ్తోందో అడిగి, గది నంబరు, వేడినీళ్లు, రాత్రి పాటలు ఎన్నింటిదాకా అన్నవి వాట్సాప్‌లో రాయించుకోండి. పిల్లలుంటే చిన్న ఎలక్ట్రిక్ కెటిల్ తీసుకెళ్లండి. గిరిజన కుటుంబాల ఇళ్లలో ఉండే వీలుంటే అక్కడే ఉండండి, నగదు దగ్గర పెట్టుకోండి, సిగ్నలు ఉన్నట్టే ఉండి పోతుంది.

విజయనగరం చేరాక ఆ ఏజెంటుకి రోజూ ఫోన్ చేశాను. కమీషన్ వెయ్యి వెనక్కి పంపాడు. వేయించుకోని మంటకి తీసుకున్న వెయ్యి కోసం వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. సంతకం పెట్టిన బిల్లు, వాళ్లు పంపిన గది ఫొటోలు, మేమున్న గది ఫొటోలు అన్నీ దాచాను. ఎందుకొచ్చిన గొడవ, వదిలెయ్యమంటున్నారు మావారు. వదలను.