పెద్ద బ్యాటరీ ఉంటే సౌండ్ పెరుగుతుందని చెప్పి అమ్మే మ్యూజిక్ ప్లేయర్లతో జాగ్రత్త

ఇంట్లో పెద్దవారు భక్తి గీతాలు, పాత సినిమా పాటలు వినడానికి మనం కొనిచ్చే చిన్న మ్యూజిక్ ప్లేయర్ల విషయంలో, అంటే పెన్ డ్రైవ్ గానీ మెమరీ కార్డు గానీ పెడితే లోపలి స్పీకర్‌తోనే మోగే వాటి విషయంలో, బ్యాటరీ ఎంత పెద్దదైతే సౌండ్ అంత ఎక్కువగా వస్తుందని కొందరు దుకాణదారులు చెబుతున్నారు. ఆ మాట నిజం కాదు. ఆ మాట మీదే మా దగ్గర 700 రూపాయలు అదనంగా తీసుకున్నారు కనుక, కొనబోయే మిగతావారికి తెలియాలని ఇది రాస్తున్నాను.

మా నాన్నగారికి వినికిడి కొంత తగ్గడంతో గట్టిగా మోగే ప్లేయర్ కావాలని అడిగాము. ఒకే ఆకారంలో ఉన్న రెండు మోడళ్లు చూపించారు. ఒకదాని మీద 1200 ఎంఏహెచ్ (బ్యాటరీలో ఎంత ఛార్జ్ పడుతుందో చెప్పే కొలత) అని, రెండోదాని మీద 9800 ఎంఏహెచ్, డబుల్ పవర్ అని స్టిక్కర్లు ఉన్నాయి. మేము తెచ్చుకున్నది రెండోది. మొదటి మోడల్ మా బావగారింట్లో ఉండటంతో రెంటినీ పక్కపక్కన పెట్టి, ఒకే పాటను పూర్తి వాల్యూమ్‌లో వినిపిస్తే నాన్నగారికే కాదు, మాలో ఎవరికీ తేడా తెలియలేదు. వెనుక మూతలు విప్పి చూస్తే రెండింటిలోనూ ఒకే బోర్డు, స్పీకర్‌కు పవర్ ఇచ్చే ఒకే ఆంప్లిఫయర్ చిప్ ఉన్నాయి. రెండు స్పీకర్ల అయస్కాంతాల మీద కూడా 4 ఓమ్స్, 3 వాట్స్ అన్న అక్షరాలే ఉన్నాయి.

స్పీకర్‌కు అందే పవర్ ప్రధానంగా చిప్‌కు దొరికే వోల్టేజీని, స్పీకర్ ఓమ్స్‌ను, అంటే కరెంటుకు అది చూపే నిరోధాన్ని బట్టి ఉంటుంది. సాధారణ లిథియం అయాన్ సెల్ చిన్నదైనా పెద్దదైనా దాని వోల్టేజీ 3.7 దగ్గరే ఉంటుంది, నిండా ఛార్జ్ అయినప్పుడు 4.2కు చేరుతుంది. ఆ 3.7 వోల్టులతో నేరుగా నడిచే చిప్, 4 ఓమ్స్ స్పీకర్‌కు సౌండ్ పగలకుండా ఇవ్వగలిగింది లెక్క ప్రకారం సుమారు 1.7 వాట్లు మాత్రమే. ఆ సౌండ్ ఎంతసేపు వస్తుందో చెప్పేదే ఎంఏహెచ్ అంకె. డాబా మీద ట్యాంకు పెద్దదైతే నీళ్లు ఎక్కువసేపు వస్తాయి గానీ, కుళాయి ధార జోరు ట్యాంకు ఎంత ఎత్తులో ఉందన్న దాన్ని బట్టే ఉంటుంది. రెండు సెల్స్‌ను పారలల్‌గా, అంటే ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్ కలిపినా మోగే సమయమే పెరుగుతుంది. సిరీస్‌లో, అంటే ఒకదాని ప్లస్‌ను రెండోదాని మైనస్‌కు కలిపితే 7.4 వోల్టులు వస్తాయి, పవర్ నిజంగానే పెరుగుతుంది. అయితే ఆ వోల్టేజీకి తట్టుకునే చిప్, స్పీకర్ కూడా ఉండాలి. ఇలాంటి చిన్న ప్లేయర్లలో వాడే చిప్‌లు చాలావరకు 5 వోల్టులకు చేసినవి కనుక మెకానిక్ చేత అలా మార్పించే ప్రయత్నం చేయవద్దు.

కొత్త బ్యాటరీ వేశాక సౌండ్ బాగుపడిందని కొందరు చెప్పడంలో అబద్ధమేమీ లేదు. అరిగిపోయిన సెల్ తబలా దెబ్బ పడిన ప్రతిసారీ వోల్టేజీ నిలపలేక పాటను బొంగురుగా చేస్తుంది; మంచి సెల్ వేయగానే పాత సౌండ్ తిరిగి వస్తుంది, అంతకు మించి పెరగదు.

ఇక ఆ 9800 అన్న అంకె సంగతి. లోపల ఉన్నది 18650 రకం సెల్, అంటే 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు గలది. ఆ సైజులో పేరున్న కంపెనీల మంచి సెల్స్ కూడా సుమారు 3600 ఎంఏహెచ్ దగ్గర ఆగిపోతాయి, బరువు 45 గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది. మాది తూకం వేస్తే 30 గ్రాములైనా లేదు. పూర్తిగా దిగిపోయిన సెల్ ఒక ఆంపియర్ ఛార్జింగ్‌తో రెండు గంటలలోపే నిండిపోయింది. నిజంగా 9800 అయితే పది గంటలు పట్టాలి. లేబుల్ మీదే అబద్ధం రాసిన సెల్ భద్రతను నమ్మలేము కాబట్టి, ఇలాంటివాటిని రాత్రంతా ఛార్జింగ్‌లో పెట్టి, పెద్దవారి మంచం మీద వదిలేయకండి.

గట్టిగా వినిపించడమే ముఖ్యమైతే ఆర్ఎంఎస్ వాట్లు (నిలకడగా ఇవ్వగలిగే పవర్) ఎన్నో, స్పీకర్ సైజు ఎంతో అడగండి. పీఎంపీవో (క్షణకాలపు గరిష్ఠ పవర్) పేరుతో చెప్పే వందల వాట్లను లెక్కలోకి తీసుకోకండి. వాట్లు రెట్టింపైనా సౌండ్ పెరిగేది 3 డెసిబెల్సే, అంటే చెవికి కొద్దిగా తెలిసేంతే కనుక, కొనేముందు దుకాణంలోనే రెండు మోడళ్లలో ఒకే పాట పెట్టించి వినడం అన్నిటికన్నా మేలు. సెల్ మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉంటే బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోవచ్చు. మేము వస్తువు వెనక్కి ఇవ్వబోతే, బిల్లులో బ్యాటరీ గురించి ఏమీ లేదన్న ఒక్క కారణంతో తిప్పి పంపారు. అందుకే చెప్పిన ఎంఏహెచ్‌ను, వాట్లను బిల్లు మీద రాయించుకోండి, స్టిక్కర్‌ను ఫోటో తీసి ఉంచుకోండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేసేటప్పుడు చూపించడానికి అవి పనికొస్తాయి.