జేబులో పట్టే 10 రెట్ల భూతద్దం: రోజూ నడిచే దారికి ఏది కొనాలి, ఎలా వాడాలి

మూడు గాజులు అతికించి చేసిన 10ఎక్స్ ట్రిప్లెట్ భూతద్దం. గాజు వెడల్పు 18 నుంచి 21 మిల్లీమీటర్లు. లోహపు తొడుగులోకి మడుచుకుంటుంది, మూసేస్తే బొటనవేలంత ఉంటుంది. రోజూ ఒకే దారిలో నడుస్తూ ఆ దారిని ఇంకాస్త బాగా చూడాలనుకునేవాళ్లు ఒక్క వస్తువే కొనదలిస్తే ఇదే కొనాలి. బైనాక్యులర్ తర్వాత కొనుక్కోవచ్చు. ఫోన్‌కు తగిలించే మాక్రో లెన్స్ కూడా తర్వాతే. పిట్ట కనబడని రోజు ఉంటుంది గానీ, గోడ మీద నాచు లేని వీధి, పేనుబంక పట్టని మొక్కల వరస అరుదు.

కొన్నవాళ్లలో చాలామంది రెండో రోజే దీన్ని సొరుగులో పడేస్తారు. కారణం పట్టుకునే తీరే. పేపరు చదివే పెద్ద భూతద్దంలాగా చెయ్యి చాచి, ఆకు మీద పెట్టి, దూరం నుంచి చూస్తారు. అప్పుడు కనబడేది చిన్న మసక చుక్క. ఈ అద్దం కంటికి ఆనించినంత దగ్గరగా ఉండాలి. పట్టుకున్న చేతి బొటనవేలి కణుపును చెంప ఎముకకు ఆనిస్తే వణుకు ఆగిపోతుంది. రెండో చేత్తో ఆకును మెల్లగా దగ్గరికి తేవాలి. అద్దానికి సుమారు 25 మిల్లీమీటర్ల దూరంలో బొమ్మ ఒక్కసారిగా తేటపడుతుంది. గోడ, చెట్టు బెరడు లాంటివి మన దగ్గరికి రావు కాబట్టి అద్దంతో సహా తలే ముందుకు వెళ్లాలి. రెండో కన్ను మూయకండి. మూస్తే రెండు నిమిషాల్లో నొసలు లాగేస్తుంది. ఎండ పక్కనుంచి పడేలా నిలబడాలి, లేకపోతే మన తల నీడే ఆకు మీద పడుతుంది. కళ్లజోడు తీసేసి చూస్తే కనబడే మేర పెరుగుతుంది. సైటు ప్లస్ అయినా మైనస్ అయినా దూరం కాస్త మార్చుకుంటే సరిపోతుంది. సిలిండర్ పవర్ ఎక్కువ ఉన్నవాళ్లు మాత్రం జోడుతోనే చూడాలి.

దారి పక్క గడ్డిచామంతితో మొదలుపెడితే ఈ వస్తువు విలువ వెంటనే తెలుస్తుంది. మామూలు కంటికి అది పసుపు బొట్టు, చుట్టూ ఐదారు పాలిపోయిన రేకులు. అద్దంలో ఒక్కో రేకు చివరా మూడు చిన్న పళ్లు కనిపిస్తాయి. అసలు ఆ రేకే ఒక పువ్వు. మధ్యలోని పసుపు బొట్టేమో బుల్లి గొట్టాల గుంపు, ప్రతి గొట్టమూ ఐదు కోణాల నోరున్న మరో పువ్వు. బయటి వరసవి ముందు విచ్చుకుంటాయి, నడిమివి ఇంకా మొగ్గలుగానే ఉంటాయి. విచ్చుకున్న వాటిలోంచి కీలాగ్రం (పుప్పొడిని అందుకునే కొన) రెండుగా చీలి వెనక్కి వంగి ఉంటుంది. పక్కనే ఎండిన తల ఉంటే దాన్నీ చూడండి. గాలికి ఎగిరే గింజ మీది ఒక్కో వెంట్రుకకూ రెండు వైపులా పిట్ట ఈకలాగా నూగు ఉంటుంది.

పేనుబంక పట్టిన లేత కొమ్మ దొరికితే పది నిమిషాలు తెలియకుండా గడిచిపోతాయి. పురుగు వెనకవైపు నిక్కి ఉన్న రెండు సన్నని గొట్టాలు స్పష్టంగా కనిపిస్తాయి. చీమలు తాగే తీపి బొట్టు వాటిలోంచే వస్తుందని చాలామంది అనుకుంటారు. అది వచ్చేది మలద్వారం నుంచి. చీమ మీసాలతో తడితే బొట్టు ఉబ్బడం, చీమ దాన్ని తాగేయడం ఓపిక పడితే కనబడతాయి. కొమ్మంతా అంటుకున్న తెల్లని పొట్టు బూజు కాదు, పురుగులు విడిచిన చర్మాలు.

గోడ నాచు సంగతి ఇంకా బాగుంటుంది. సన్నని కాడ చివర ఉన్న బుడ్డికి మూత రాలిపోయి ఉంటే, దాని నోటి చుట్టూ పళ్ల వరస కనిపిస్తుంది. మెల్లగా నోటి ఆవిరి తగిలించి చూడండి. తేమకు ఆ పళ్లు కదులుతాయి. అన్ని రకాల నాచుకూ ఈ పళ్లుండవు, రెండు మూడు గోడలు వెతకాలి.

ఇక కొనేటప్పటి సంగతి. 30ఎక్స్, 40ఎక్స్ అని ముద్ర వేసినవి వద్దు. లెక్క తేలికే: 250 మిల్లీమీటర్లను గాజు నాభ్యంతరంతో (గాజు నుంచి ఎండ ఒక చుక్కగా చేరే చోటికి ఉన్న దూరం) భాగిస్తే రెట్లు వస్తాయి. 10 రెట్లకు 25 మిల్లీమీటర్లు, 30 రెట్లకు 8 చిల్లర. అంత తక్కువ నాభ్యంతరానికి గాజు కూడా బాగా చిన్నదై ఉండాలి. 21 మిల్లీమీటర్ల గాజు మీద 30ఎక్స్ అని ఉంటే ఆ ముద్రను నమ్మక్కర్లేదు. పోనీ నిజంగా 30 రెట్లదే దొరికినా, 8 మిల్లీమీటర్ల దూరంలో తొడుగు నీడే వస్తువు మీద పడుతుంది, చెయ్యి ఆవగింజంత కదిలినా బొమ్మ పోతుంది. ఆరుబయట అది పనికిరాదు.

పరీక్షకు మిల్లీమీటర్ గీతలున్న రెండు స్కేళ్లు చాలు. ఒక కంటితో అద్దంలోంచి ఒక స్కేలును, రెండో కంటితో 25 సెంటీమీటర్ల దూరంలో పెట్టిన ఇంకో స్కేలును చూడండి. అద్దంలోని 1 మిల్లీమీటరు బయటి స్కేలు మీద 10 మిల్లీమీటర్లంత పరుచుకోవాలి. 6, 7 దగ్గరే ఆగితే ముద్ర తప్పు. అంచుల దగ్గర గీతలు వంగినా, వాటికి నీలం, నారింజ అంచులు కనబడినా అది ఒంటి గాజు. ట్రిప్లెట్‌లో గీతలు దాదాపు అంచు దాకా తిన్నగా, రంగు అంటకుండా ఉంటాయి. ఒంటి గాజుతో కూడా పువ్వు కనబడుతుంది గానీ, తేటగా ఉండేది నడిమి భాగమే, కన్ను త్వరగా అలిసిపోతుంది. తళతళలాడే తొడుగు కంటే నల్ల తొడుగు మేలు, ఎండ కంట్లోకి కొట్టదు. ఎల్‌ఈడీ ఉన్నవాటికి ఎక్కువ పెట్టొద్దు. ఆ వెలుగు ఎదురుగా పడి నీడల్ని చెరిపేస్తుంది. నూగు, ముళ్లు, గరుకుతనం నీడల వల్లే కదా తెలిసేది!

లోపాలు లేకపోలేదు. తేటగా కనబడే లోతు చాలా తక్కువ, సుమారు మిల్లీమీటరు. కాస్త ఎత్తున్న పువ్వును పొరలు పొరలుగా చూసుకోవాల్సిందే. కదిలే పురుగుల విషయంలో ఇది ఓడిపోతుంది. గెంతే సాలీడు 25 మిల్లీమీటర్ల దాకా మనల్ని రానివ్వదు. దానికి 5ఎక్స్ అద్దమే నయం, 50 మిల్లీమీటర్ల ఎడం దొరుకుతుంది. పిల్లల చేతికి కూడా మొదట 5ఎక్సే ఇవ్వాలి. చెమట పట్టేలా వేగంగా నడిచేవాళ్లకు ఇది కుదరదు. రోజూ ఒక గోడ, ఒక చెట్టు, ఒక కలుపు మొక్క దగ్గర మూడేసి నిమిషాలు ఆగగలిగితేనే కొనండి.

పాడయ్యేది ఎక్కువగా తుడవడం వల్లే. చొక్కా అంచుతో తుడిస్తే అందులోని ఇసుక రజను గాజును గీరేస్తుంది. ముందు గాలి ఊది, మెత్తని బ్రష్‌తో దులిపి, ఆ తర్వాతే కళ్లజోడు గుడ్డతో తుడవాలి. నీళ్లలో ముంచొద్దు, థిన్నర్ లాంటివి అసలే వద్దు, గాజుల మధ్య అతుకు ఊడి అంచుల్లో పొరలా తేలుతుంది. తేమ రోజుల్లో సిలికా జెల్ పొట్లంతో డబ్బాలో పెట్టకపోతే బూజు పడుతుంది. మడత దగ్గరి స్క్రూ వదులవుతూ ఉంటుంది, బిగించి ఒక చుక్క నెయిల్ పాలిష్ పెడితే నిలుస్తుంది. పోగొట్టుకునేవాళ్లే ఎక్కువ కాబట్టి కొట్టొచ్చినట్టు కనబడే రంగు తాడు కట్టి మెడలో వేసుకోండి. మెడలోంచి తీయకుండానే కంటికి అందేంత పొడవుండాలి. అద్దంలోంచి సూర్యుణ్ణి ఎప్పుడూ చూడకూడదు. తెరిచిన అద్దాన్ని ఎండలో, కిటికీ దగ్గర వదిలేయకూడదు, కిందున్న కాగితానికి నిప్పంటుకోవచ్చు.