హనుమకొండలో పాత ఆటల పత్రికల దుకాణం: ఏ కట్ట కొనాలి, ఏది వదిలేయాలి

హనుమకొండ చౌరస్తాకు దగ్గర్లో, పోటీ పరీక్షల గైడ్లు అమ్మే షాపుల వెనక గల్లీలో ఉన్న ఈ పాత పుస్తకాల దుకాణంలో లోపలి గది మొత్తం ఆటల పత్రికలే. అందులో సగానికి పైగా క్రికెట్‌వి, వాటి జోలికి ఇక్కడ పోవట్లేదు. ఫుట్‌బాల్ కట్టలు గోడవారగా కింది రెండు అరల్లో ఉంటాయి. సుతిలితాడుతో కట్టి, పైన అట్టముక్క మీద స్కెచ్ పెన్నుతో పేర్లు రాసి పెట్టారు: పెలే, మారడోనా, బెక్హామ్, రొనాల్డో, మెస్సీ. ఎక్కువగా కనిపించేవి స్పోర్ట్‌స్టార్, క్రికెటర్ పటౌడీ సంపాదకత్వంలో కోల్‌కతా నుంచి వచ్చిన స్పోర్ట్స్ వరల్డ్, అక్కడక్కడా ఇంగ్లండ్ మాసపత్రిక వరల్డ్ సాకర్, తెలుగు దినపత్రికల ఆటల పేజీలు.

సరుకు మంచిదే. కానీ ఆటగాడి పేరుతో కట్టలు కట్టడం పెద్ద పొరపాటు. ఒక ఆటగాణ్ని మీడియా ఎట్లా ఎత్తింది, ఎట్లా దించింది అన్నది తేదీల వరసలో చదివితేనే తెలుస్తుంది. పేరు కట్టలో మంచి ఫొటోలున్న సంచికలు పైకి వస్తాయి, తిట్టిన సంచికలు అడుగున పడతాయి, లేదా అసలు కట్టలోకే ఎక్కవు.

బెక్హామ్ కట్టే చూడండి. 30 జూన్ 1998న సెయింట్ ఎటియెన్‌లో జరిగిన ప్రపంచ కప్ మ్యాచ్‌లో అర్జెంటీనాపై రెడ్ కార్డు పడ్డాక ఇంగ్లండ్ పత్రికలు అతన్ని ఉతికి ఆరేశాయి. డైలీ మిర్రర్ పదిమంది సింహాలు, ఒక తెలివితక్కువ పిల్లాడు అన్న అర్థంలో హెడ్డింగ్ పెట్టి, అతని ముఖంతో బాణాలు విసిరే బోర్డు కూడా అచ్చేసింది. 6 అక్టోబర్ 2001న గ్రీస్ మీద చివరి నిమిషాల్లో కొట్టిన ఫ్రీ కిక్కుతో ఇంగ్లండ్ ప్రపంచ కప్‌కు వెళ్లింది, అవే పత్రికలు అతన్ని నెత్తిన పెట్టుకున్నాయి. ఈ రెండిటి మధ్య మూడేళ్ల సంచికలుంటేనే ఆ మార్పు అర్థమవుతుంది. దుకాణంలోని కట్టలో మాత్రం 2001 తర్వాతివి, రియల్ మాడ్రిడ్ జెర్సీ ఫొటోలు తప్ప పెద్దగా ఏమీ లేవు. 1998 జులై సంచికలు కావాలంటే 'వరల్డ్ కప్ మిక్స్' అని రాసిన అట్టపెట్టెలో వెతకాలి. అక్కడ దొరికే అవకాశం ఎక్కువ, ధర కూడా తక్కువ.

దినపత్రికలు కొనేవాళ్లు మన టైము లెక్క వేసుకోవాలి. 22 జూన్ 1986న ఇంగ్లండ్‌పై మారడోనా చేత్తో ఒక గోల్, సగం మైదానం దాటొచ్చి ఒకటి కొట్టిన మ్యాచ్ మెక్సికోలో మిట్టమధ్యాహ్నం మొదలైంది. ఐరోపా టీవీల కోసం పెట్టిన ఆ టైము మనకు రాత్రి పదకొండున్నర. జిల్లాలకు పోయే పేపరు అప్పటికే ప్రెస్‌కు ఎక్కుతుంది కాబట్టి, 23 తేదీ పేపరు 'మారడోనా పేపర్' అని ఎక్కువ ధర చెబితే లోపల ఫలితం ఉందో లేదో విప్పి చూసి కొనండి. అసలు వార్త 24న ఉండే అవకాశమే ఎక్కువ. 2006 ప్రపంచ కప్ ఫైనల్లో ఫ్రాన్స్ ఆటగాడు జిదాన్ ఇటలీ ఆటగాణ్ని తలతో గుద్దింది కూడా మనకు రాత్రి ఒకటిన్నర దాటాకే. దానికి 10 జులై కంటే 11 జులై పేపరు మేలు.

ఇంకో మోసం, తెలిసి చేసినా తెలియక చేసినా, పెలే కట్టలో ఉంది. పెలే అమెరికా క్లబ్ కాస్మోస్ జట్టుతో వచ్చి ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్‌తో 2-2 డ్రా ఆడింది 24 సెప్టెంబర్ 1977న. స్పోర్ట్‌స్టార్ మొదలైంది 1978లో. కాబట్టి ఆ మ్యాచ్ ఫొటో ఉన్న స్పోర్ట్‌స్టార్ పేజీ ఏదైనా తర్వాత వేసిన జ్ఞాపకాల సంచికలోదే, 'అప్పటిది' అన్న ధర దానికి ఇవ్వక్కర్లేదు.

కొనేముందు చేతిలో పట్టుకుని చూడాల్సింది పిన్నుల దగ్గర. మధ్యలో పిన్ను కొట్టిన పత్రికకు 64 పేజీలుంటే నడిమి షీటు మీద 31 నుంచి 34 దాకా ఉంటాయి. పేజీ నంబరు 30 నుంచి 35కు దూకితే పోస్టర్ పోయినట్టే. పోస్టర్‌కు నంబరు వేయని సంచికల్లో పిన్నుల కాళ్లు చూడండి. ఎన్నడూ విప్పని పిన్ను చుట్టూ తుప్పు మరక కాగితంపై సమంగా దిగి ఉంటుంది. విప్పి మళ్లీ వంచితే కాళ్ల కింద మరక ఒకచోట, పిన్ను ఇంకోచోట ఉంటాయి, రంధ్రాలు సాగి ఉంటాయి. "పోస్టర్ ఉందా అన్నా?" అని అడిగితే సరిపోదు, "నడిమి పేజీ విప్పి చూపించన్నా" అనాలి. షాపతను కాదనడు, ఆ మాటకొస్తే ఓపికగా చూపిస్తాడు.

విడి పోస్టర్లు ఒక్కోటి వంద రూపాయలకు అమ్ముతున్నారు. వాటిలో కొన్ని కలర్ జిరాక్సులు. చిన్న భూతద్దం జేబులో వేసుకుని వెళ్లండి. ఆఫ్‌సెట్ అచ్చులో నాలుగు రంగుల చుక్కలు పూరేకుల్లా ఒక క్రమంలో కనిపిస్తాయి. నకలులో ఆ చుక్కల మీద ఇంకో చుక్కలు పడి, జెర్సీ చారల దగ్గర అలలు అలలుగా తేలుతుంది. అసలు పోస్టర్ అయినా మా సలహా కొనొద్దనే. దాని వెనక పేజీలో ఏ వ్యాసం ఉంది, ఎదుటి పేజీలో ఏ కంపెనీ ప్రకటన ఉంది అన్నది పోయాక మిగిలేది బొమ్మే. 1970లో పెరూతో ఆటకు ముందు పెలే వంగి ప్యూమా బూటు లేసులు కట్టుకుంటుంటే కెమెరా అంతా ఆ బూటు మీదే ఉంది. ఆటగాడి మీదికి సరుకు ఎక్కిన తీరు పూర్తి సంచికలోనే దొరుకుతుంది.

మారడోనా కట్ట ఈ షాపులో అన్నిటికంటే విలువైనది. ఇటలీ క్లబ్ నాపోలిలో ఆడిన రోజులు, 1991లో పదిహేను నెలల నిషేధం, ఫిబ్రవరి 1994లో ఇంటి ముందు కాపు కాసిన విలేకరులపై ఎయిర్ రైఫిల్ పేల్చడం, అదే ఏడు జూన్‌లో గ్రీస్‌పై గోల్ కొట్టి కెమెరాలోకి అరవడం, ఆ వెంటనే నిషేధిత మందు ఎఫెడ్రిన్‌తో దొరికి ఇంటికి పోవడం, అన్నీ వారం వారం ఉన్నాయి. విడగొట్టకుండా కట్ట మొత్తం అడగండి.

రొనాల్డో, మెస్సీ కట్టలకు డబ్బు పెట్టాల్సిన పని తక్కువ. 2022 ప్రపంచ కప్‌తో మెస్సీ పెట్టిన ఇన్‌స్టాగ్రామ్ ఫొటోకు ఏడు కోట్లకు పైగా లైకులొచ్చాయి. రొనాల్డోకు అదే ఏడు 50 కోట్ల ఫాలోవర్లు దాటారు. వాళ్ల మాట వాళ్లే చెప్పుకుంటున్న కాలం ఇది. పత్రికకు మిగిలింది ఆ ఫొటోను మర్నాడు అచ్చేయడం. మినహాయింపు 14 డిసెంబర్ 2025 పేపర్లు: ముందురోజు మెస్సీ కోల్‌కతాలో నాయకుల నడుమ ఇరుక్కుని త్వరగా వెళ్లిపోతే జనం సీసాలు విసిరారు, సాయంత్రం ఉప్పల్‌లో ముఖ్యమంత్రితో కలిసి ఆడాడు. ఒకే పేజీలో రెండు వార్తలూ ఉన్న పేపరు కొనండి. దానికి షాపులో చెబుతున్న 80 రూపాయలు మాత్రం ఎక్కువ, 30కి అడగండి.

బాధ కలిగించేది కట్ట లేకపోవడం. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు, భారత జట్టుకు 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 ఆసియా క్రీడల బంగారం తెచ్చిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం, సికింద్రాబాద్ అమ్ముగూడ నుంచి వచ్చిన తులసీదాస్ బలరాం, వీళ్ల పేరుతో అట్టముక్క లేదు. బలరాం 2023 ఫిబ్రవరిలో పోయినప్పటి పేపర్లు విడిగా తీసి పెట్టమని షాపులో అడిగితే పెడతామన్నారు. ఇంకో నలుగురు అడిగితే ఆ కట్ట తయారవుతుంది.

ధరలు: మామూలు సంచిక 40 నుంచి 60, ప్రపంచ కప్ ప్రత్యేక సంచిక 150 నుంచి 300. పది సంచికలు దాటితే బేరానికి దిగుతారు. స్కానింగ్ పేజీకి 5 రూపాయలు. అక్షరాలకు 300 డీపీఐ (అంగుళానికి ఇన్ని చుక్కలు అన్న లెక్క) చాలు, ఫొటోలకు 600 అడగాలి. చెప్పకపోతే 150లోనే తీసి ఇస్తున్నారు, పెద్దది చేస్తే ముఖాలు పగిలిపోతాయి. లామినేషన్ చేయించుకోమని గట్టిగా చెబుతారు, ఒప్పుకోకండి. వేడికి, జిగురుకు న్యూస్‌ప్రింట్ లోపలే పచ్చబడి, తిరిగి విడదీయడానికి లేకుండా పోతుంది. మెత్తటి పీవీసీ కవర్లకు సిరా అంటుకుంటుంది. పాలిస్టర్ కవర్లో పెట్టి, వెనక అట్ట వేసి, పడుకోబెట్టి దాచాలి. వానాకాలంలో సిలికా జెల్ పొట్లం తప్పనిసరి, ఎందుకంటే కింది అర కట్టలకు ఇప్పటికే చెమ్మ వాసన ఉంది. పురుగు తిన్న అంచులున్న కట్టను మిగతావాటితో కలపకుండా వారం పాటు విడిగా ఉంచి, పేజీ పేజీ దులిపాకే అల్మారాలో పెట్టండి.