మడత హార్డ్‌టాప్ ఉన్న సెకండ్ హ్యాండ్ కారు: విజయనగరంలో ఏడేళ్లు వాడాక

సెకండ్ హ్యాండ్ కన్వర్టబుల్, అంటే పైకప్పు (టాప్) తెరుచుకునే కారు, అనగానే ఎవరైనా మొదట అడిగేది ఒకటే: ‘ఆ టాప్ ఎన్నాళ్లు పనిచేస్తుంది?’ 2011 మోడల్, రెండు సీట్ల జర్మన్ కారును విజయనగరంలో ఏడేళ్లుగా వాడుతూ, దాని టాప్‌ని విప్పి బిగిస్తూ తేల్చుకున్న జవాబు ఇది. ఇనుము, అల్యూమినియం, కీళ్లు గట్టివే, అవి అంత తొందరగా పోవు. టాప్‌ని పాడుచేసేవి నీళ్లు, నీరసించిన బ్యాటరీ, నెలల తరబడి కదపకుండా వదిలేయడం, డిక్కీ కీలు దగ్గర వంగి వంగి తెగే వైర్లు. ‘పంపు పోయింది సార్’ అని ఎవరన్నా అంటే వెంటనే నమ్మకండి. పంపు దాకా వెళ్లేముందు చూడాల్సినవి చాలా ఉన్నాయి.

మన దేశంలో సెకండ్ హ్యాండ్‌లో దొరికే ఈ రకం కార్లు కొన్నే. 2009 నుంచి 2016 దాకా తయారైన బీఎండబ్ల్యూ జెడ్4లో రెండు ముక్కల అల్యూమినియం టాప్ ఉంటుంది, తెరుచుకోవడానికి దాదాపు 20 సెకన్లు. మెర్సిడెస్ ఎస్ఎల్‌కేలో 2004లో వచ్చిన తరానికి 22 సెకన్లు, 2011లో వచ్చినదానికి 20 లోపే. ఈ అంకెలు గుర్తుపెట్టుకోండి, కొనేటప్పుడు పనికొస్తాయి. 20 సెకన్ల టాప్ 30 తీసుకుంటోందంటే బ్యాటరీలోనో ఆయిల్లోనో లోపం ఉన్నట్టే.

పనిచేసే తీరు తెలిస్తేనే జబ్బు పట్టుకోగలం. బటన్ నొక్కగానే అద్దాలు కాస్త దిగుతాయి, డిక్కీ మూత వెనక్కి తెరుచుకుంటుంది, ముందు అద్దం పైనున్న లాక్ విడుతుంది, టాప్ ముక్కలు మడత పడి డిక్కీలోకి దిగుతాయి, మూత మళ్లీ మూసుకుని లాక్ పడుతుంది. కదిలించేది ఒక ఎలక్ట్రిక్ పంపు, దాని ఆయిల్ ఒత్తిడితో నడిచే సిలిండర్లు. ప్రతి మెట్టు దగ్గరా ఒక స్విచ్చో సెన్సరో ఉంటుంది. ‘ఈ పని అయింది’ అన్న సంకేతం రాకపోతే టాప్‌ని నడిపే చిన్న కంప్యూటర్, అంటే కంట్రోల్ మాడ్యూల్, తర్వాతి మెట్టుకు వెళ్లదు, అక్కడే ఆపేస్తుంది. లోహం లోహాన్ని కొట్టుకోకుండా కాపాడే ఏర్పాటు అది. సగంలో ఆగిన టాప్‌ని చేత్తో తోసేవాళ్లు ఈ సంగతి తెలియకే వెనక అద్దం, ప్లాస్టిక్ పట్టీలు విరగ్గొట్టుకుంటారు. 1957లో ఫోర్డ్ స్కైలైనర్ కారు ఇదే పనిని మూడు టాప్ మోటార్లు, పది లిమిట్ స్విచ్‌లు, పది రిలేలు, 600 అడుగులు దాటిన వైరుతో చేసింది. ఇప్పటి కార్లలో రిలేల స్థానంలో మాడ్యూల్ వచ్చింది, స్విచ్ పలకకపోతే ఆగిపోయే లక్షణం మాత్రం అలాగే ఉంది.

ఆగినప్పుడు మొదట చెవితో వినండి. పంపు చప్పుడే లేకపోతే పంపును అనుమానించడం ఆఖరి పని. ముందు డిక్కీలో సామాను దాటకూడని గీతలా ఉండే అడ్డుతెర సరిగ్గా కొక్కేనికి తగిలిందా, డిక్కీ పూర్తిగా మూసి ఉందా చూడాలి. తర్వాత బ్యాటరీ, ఆ తర్వాత ఫ్యూజు. పంపు మోగుతున్నా టాప్ కదలకపోతే ఆయిల్ తగ్గిందో, ఎక్కడో కారుతోందో, వాల్వ్ తెరిచి ఉందో. ప్రతిసారీ ఒకే చోటికి వచ్చి ఆగుతోందంటే ఆ మెట్టు స్విచ్ గానీ దాని వైరు గానీ. ఎడమ పక్క ముందుకు, కుడి పక్క వెనక్కి పోతుంటే వెంటనే బటన్ వదిలేయండి. ఒకవైపు సిలిండర్ బలహీనపడింది, ఇంకొక్కసారి నడిపితే ముక్క మెలిక పడుతుంది.

వైరింగ్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే డబ్బు అనవసరంగా పోతుంది. డిక్కీ కీలు దగ్గర వైర్ల కట్ట టాప్ తెరిచిన ప్రతిసారీ వంగుతుంది. లోపలి రాగి పోగులు తెగిపోతాయి, పైన రబ్బరు తొడుగు మాత్రం బాగానే కనిపిస్తుంది. దాంతో టాప్ ఒకరోజు పనిచేస్తుంది, మర్నాడు చేయదు. లోపాలు చదివే స్కానర్ పెడితే సెన్సర్ పేరు చూపిస్తుంది, మెకానిక్ సెన్సర్ మారుస్తాడు, వారానికి మళ్లీ మొదటికే. తొడుగు వెనక్కి లాగి, ఒక్కో వైరును రెండు వేళ్లతో మెల్లగా లాగి చూడండి. తెగినది రబ్బరులా సాగుతుంది. మరమ్మతుకి మెత్తటి సన్నపోగుల వైరు వాడాలి, అతుకు వంగే చోట పడకుండా రెండు పక్కలా పది సెంటీమీటర్ల చొప్పున దూరంగా వేయాలి. ఇళ్ల వైరింగుకి వాడే గట్టి వైరు పెడితే ఏడాది తిరక్కుండా మళ్లీ తెగుతుంది. కారు నెలల తరబడి షెడ్డులో ఉంటే ఎలుకల సంగతీ చూసుకోవాలి. ధాన్యం బస్తాలున్న ఇళ్ల దగ్గర మరీను.

ఇక నీళ్లు. టాప్ చుట్టూ కాలువలు, మూలల్లో కిందికి దిగే సన్నటి గొట్టాలు ఉంటాయి. వాన నీరు కాస్త లోపలికి రావడం డిజైన్‌లోనే ఉంది, బయటికి పోయే దారి మూసుకుపోవడమే అసలు ప్రమాదం. మన వైపు ఆ దారిని మూసేవి చింతాకు, వేపపూత. పెద్ద ఆకులు పైనే ఆగిపోతాయి, ఈ చిన్నవి జారి గొట్టంలో కూర్చుని దుమ్ముతో కలిసి ముద్ద అవుతాయి. చింతచెట్టు నీడ చల్లగా ఉంటుందని కారు అక్కడ పెట్టే అలవాటు మానుకోండి. మూసుకుపోయిన నీరు డిక్కీ అడుగుకి చేరితే అక్కడున్న మాడ్యూళ్లు, కనెక్టర్లు చిలుము పడతాయి. ఇలాంటి కార్లలో అన్నిటికన్నా ఖరీదైన జబ్బు ఇదే.

పరీక్ష తేలిక. టాప్ సగం తెరిచిన స్థితిలో కాదు, పూర్తిగా డిక్కీలోకి దిగాక, మూలనున్న రంధ్రంలో అర లీటరు నీళ్లు మగ్గుతో సన్నగా పోయండి. కారు కింద చక్రం దగ్గర వెంటనే ధార పడాలి. బొట్లు బొట్లుగా పడితే శుభ్రం చేయాల్సిందే. గడ్డి కోసే మిషనుకు వాడే రెండు మిల్లీమీటర్ల నైలాన్ తీగ దీనికి సరిగ్గా సరిపోతుంది, కొస గుండ్రంగా కాల్చి మెల్లగా దూర్చాలి. పంక్చర్ షాపు గాలి పెట్టొద్దు, లోపల గొట్టం అతుకు ఊడితే నీరు నేరుగా కారులోకి వస్తుంది. ఉగాదికి పూత రాలాక ఒకసారి, జూన్ వానల ముందు ఒకసారి, దసరా తుఫాన్ల రోజుల్లో ఒకసారి చేయాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు సిక్కోలు (శ్రీకాకుళం) చూసిన వాన లాంటిది వస్తే ఏ రబ్బరూ పూర్తిగా ఆపలేదు, కాలువలే కాపాడాలి.

రబ్బరు సీళ్లను మూడు నెలలకోసారి సబ్బునీటి గుడ్డతో తుడిచి, ఆరాక సిలికాన్ గ్రీజు పలచగా రాయండి. వాసెలిన్, ఇంజిన్ ఆయిల్ రాస్తే రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. కళింగపట్నం, చింతపల్లి బీచ్‌ల వైపు వెళ్లొస్తే అదే రోజు మంచినీళ్లతో కడగాలి, కీళ్ల దగ్గర ఉప్పు ఉండనివ్వకూడదు.

బ్యాటరీ విషయంలో నా నియమం ఒక్కటే: ఇంజిన్ నడుస్తున్నప్పుడే టాప్ తెరవాలి, మూయాలి. రాత్రంతా ఆగిన కారులో 12.6 వోల్టులు ఉంటే మంచిది, 12.2 ఉంటే ఛార్జ్ పెట్టాలి. పరీక్ష కోసం మాత్రం ఒక్కసారి ఇంజిన్ ఆపి పంపు నడిపినప్పుడు 11 కిందికి పడితే బ్యాటరీ మార్చే రోజు వచ్చినట్టే. జెడ్4 లాంటి కార్లలో కొత్త బ్యాటరీ పెట్టాక స్కానర్‌తో కారుకు ఆ సంగతి నమోదు చేయాలి, లేకపోతే పాత బ్యాటరీకి ఇచ్చినట్టే ఛార్జ్ ఇస్తుంది.

హైడ్రాలిక్ పైపులు, సిలిండర్లు పాతబడితే రాడ్ చుట్టూ ఉన్న ఆయిల్ సీలు గట్టిపడి చెమ్మ పడుతుంది. హైవే పక్క జేసీబీ పైపులు నొక్కే షాపులవాళ్లు పనిమంతులే, రాడ్ సీలు అంటే వాళ్లకు తెలుసు. కానీ ఈ కార్లలోవి వేలి కన్నా సన్నటి ప్లాస్టిక్ పైపులు, ట్రాక్టరు ఫిట్టింగులు వాటికి కుదరవు. ఆయిల్ కూడా అంతే. ట్రాక్టరు హైడ్రాలిక్ ఆయిల్, బ్రేక్ ఆయిల్ పోస్తే లోపలి సీళ్లు పాడయ్యే ప్రమాదం ఉంది. హ్యాండ్‌బుక్కులో రాసిన రకమే పోయాలి. మొత్తం లీటరు కూడా పట్టదు కాబట్టి ఇక్కడ పొదుపు చేయడం దండగ.

కొనేటప్పుడు అమ్మేవాళ్లకు ముందే చెప్పండి, మీరు వచ్చేదాకా ఇంజిన్ స్టార్ట్ చేయొద్దని. చదునైన నేల మీద, చల్లటి ఇంజిన్‌తో మొదలుపెట్టి టాప్ మూడుసార్లు తెరిచి మూయాలి, మధ్యలో అయిదేసి నిమిషాలు ఆగాలి, పంపు వేడెక్కితే తనంతట తానే ఆగుతుంది. ప్రతిసారీ ఫోన్‌లో సెకన్లు లెక్కపెట్టండి. డిక్కీ కార్పెట్ ఎత్తి కింద చేయి పెట్టి చూడండి, తడి, మట్టి గీత, తుప్పు పట్టిన బోల్టులు ఉన్నాయా అని. 2015 డిసెంబరులో చెన్నై, 2020 అక్టోబరులో హైదరాబాద్ మునిగాయి. ఆ ఊళ్ల రిజిస్ట్రేషన్ ఉన్న కారుకు ఈ పరీక్ష రెండింతలు శ్రద్ధగా చేయాలి. మునిగిన కారును ఎంత తక్కువకు ఇచ్చినా వద్దు. తలపైన లైనింగులో, పక్క ప్యానెళ్ల మీద నూనె మరకలు చూడండి. చివర్లో టాప్ మూసి గతుకుల రోడ్డు మీద నడపండి. సీళ్ల కీచుమనే శబ్దం గ్రీజుతో పోతుంది, టక్ టక్ మనే శబ్దం లాక్ వదులైనదానికి గుర్తు.

కొన్నాక వారానికి ఒక్కసారైనా టాప్ తెరిచి మూయండి. సీళ్లు ఒకచోటే ఒత్తుకుని అంటుకుపోకుండా ఉండడానికి అది చాలు. జెడ్4లో టాప్ మూసి ఉన్నప్పుడు డిక్కీ 310 లీటర్లు, తెరిస్తే 180. గీత దాటి ఒక్క కొబ్బరిబోండాం ఉన్నా దిగే టాప్ దాని మీదే కూర్చుంటుంది.

లోపం కూడా చెప్పాలి. మరమ్మతుకు విశాఖ వెళ్లాలంటే విజయనగరం నుంచి అరవై కిలోమీటర్లు, శ్రీకాకుళం నుంచి వంద పైనే. టాప్ సగంలో ఆగితే అంత దూరం నడపలేం, ఫ్లాట్‌బెడ్ లారీ మీదే పంపాలి. విడి భాగం విదేశం నుంచి రావడానికి వారాలు పడుతుంది. ఇంకో కారు లేని ఇంటికి నేను దీన్ని సిఫారసు చేయను. ఉన్నవాళ్లకు, పై పరీక్షలు నెగ్గిన కారు దొరికితే, నిస్సంకోచంగా చేస్తాను. డిసెంబరు ఉదయాన ఈ రోడ్ల మీద టాప్ తెరిచి వెళ్తుంటే పొలాల మంచు వాసన నేరుగా తగులుతుంది.

హ్యాండ్‌బుక్కులో టాప్‌ని చేత్తో మూసే పేజీలు ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి. ఆ పనికి ఇద్దరు కావాలి. ఒత్తిడి తగ్గాక సగంలో ఆగిన టాప్ మెల్లగా వాలుతుంది కాబట్టి కింద చేతులు పెట్టొద్దు. హెక్స్ కీ, టార్చి, కారు మొత్తం కప్పే టార్పాలిన్, పది గజాల తాడు డిక్కీలో గీత కిందే సర్దుకోండి.