గుబ్బల టైర్లు తీశాకే దారికొచ్చింది: ఎంటీబీతో రోజుల తరబడి గ్రూపు రైడ్లు

మౌంటెన్ బైకు (ఎంటీబీ) మీద లాంగ్ టూరా అని ఎవరైనా అడిగితే, ఏ రోడ్డు మీద అని తిరిగి అడుగుతాను. హైవే మీదైతే వద్దు. విజయనగరం నుంచి ఇచ్చాపురం దాకా ఊళ్ల మధ్యనుంచి, కాలువ గట్ల మీదుగా, సముద్రం పక్కగా పోయే దారుల్లో అయితే నాకు ఇంతకంటే నప్పిన బండి లేదు. కాకపోతే షోరూంలోంచి తెచ్చింది తెచ్చినట్టే తొక్కితే రెండో రోజుకే సైకిలంటే విరక్తి పుడుతుంది. కొన్నేళ్లుగా మా గ్రూపుతో చలికాలంలో, సంక్రాంతి సెలవుల్లో, ఎండలు ముదరకముందు మార్చి మొదట్లో ఇదే బండి మీద తిరుగుతున్నాను. ఏం మార్చాలో, దేనికి డబ్బు దండగో తెలియడానికి ఆ మాత్రం కాలం పట్టింది.

నాది మామూలు హార్డ్‌టెయిల్, అంటే ముందు తప్ప వెనక సస్పెన్షన్ లేని రకం. అల్యూమినియం ఫ్రేము, 29 అంగుళాల చక్రాలు, ముందు 100 మిల్లీమీటర్ల సస్పెన్షన్ ఫోర్కు, హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు, ముందు 36, 22 పళ్ల చైన్‌రింగులు రెండు, వెనక 11 నుంచి 36 పళ్ల దాకా తొమ్మిది గేర్లు. సామాను లేకుండానే పధ్నాలుగు కిలోల చిల్లర తూగుతుంది. బ్రాండు పేరు రాయడం లేదు. ఇలాంటి మామూలు బళ్లన్నీ ఇంచుమించు ఇవే పార్టులతో వస్తాయి.

ముందు ఒక అపోహ తీరుద్దాం. ఎంటీబీకి స్పీడు గేర్లుండవు, గ్రూపులో వెనకబడిపోతావు అంటారు. లెక్క వేసి చూడండి. ముందు 36, వెనక 11 మీద నిమిషానికి 80 సార్లు పెడల్ తిప్పితే గంటకు 34 కిలోమీటర్ల పైనే వస్తుంది. రోజుకు వంద కిలోమీటర్లు, మళ్లీ మర్నాడు వంద తొక్కాల్సిన టూర్లో చదును రోడ్డు మీద అంతకుమించి ఎవరు పోతున్నారు గనక? మా గ్రూపు కబుర్లాడుకుంటూ పోయే వేగం 22, 23. మనల్ని వెనక్కి లాగేది గేరు కాదు. టైరూ, నిటారుగా కూర్చోవడం వల్ల ఛాతీకి తగిలే గాలీ.

టైరు సంగతి వివరంగా చెప్పాలి. బండితో వచ్చినవి 2.25 అంగుళాల గుబ్బల టైర్లు. బురదలో, రాళ్లలో అవి బంగారమే. తారు రోడ్డు మీద మాత్రం గుయ్‌మని ఒకటే రొద, ఆ రొద అంతా మన కాళ్లలోంచి పోయే శక్తే. శ్రీకాకుళం దాటాక మడపాం వంతెన మీద మావాళ్లు కాళ్లు ఆపేసి దొర్లుతుంటే నేను తొక్కుతూనే ఉండేవాణ్ని. వాటిని తీసేసి 700×45 సైజు నున్నటి టైర్లు వేశాను. 29 అంగుళాల ఎంటీబీ రిమ్ముకీ, 700సీ రిమ్ముకీ చుట్టుకొలత ఒకటే కాబట్టి అవే పట్టేస్తాయి. గాలి 50 పీఎస్‌ఐ దగ్గర ఉంచుతాను, కాలువ గట్టు ఎక్కేముందు కాస్త తగ్గిస్తాను. అదే కష్టానికి నాకు గంటకు రెండు మూడు కిలోమీటర్లు కలిసొచ్చాయి. అంతకన్నా ముఖ్యంగా సాయంత్రానికి పిక్కలు పట్టెయ్యడం మానేశాయి. ఈ బండి మీద పెట్టిన ఖర్చులన్నిటిలో పూర్తిగా గిట్టుబాటైంది ఇదొక్కటే. గుబ్బలు లేకపోతే ఇసకలో జారదా అంటారేమో. జారుతుంది. భావనపాడులో, బారువలో ఒడ్డుదాకా పోయే చివరి వంద గజాలు దిగి నడిపిస్తే పోయింది.

ట్యూబులు తీసేసి ట్యూబ్‌లెస్ కూడా చేయించాను. నౌపడా ఉప్పు మళ్ల వైపు, తేలినీలాపురం పోయే దారిలో సర్కారు తుమ్మ కంపలు రోడ్డు వారనే ఉంటాయి. ముల్లు దిగితే లోపలి సీలెంటు తెల్లగా చిమ్మి, చక్రం నాలుగు చుట్లు తిరిగేసరికి కన్నం పూడిపోతుంది. మా ఎండలకు ఆ ద్రవం తొందరగా ఎండిపోతుంది. మూణ్నెల్లకోసారి వాల్వులోంచి పోసుకోకపోతే అది ఉన్నా లేనట్టే. చేతిలో ఒక మామూలు ట్యూబు మాత్రం తప్పనిసరి.

ఇక సస్పెన్షన్ ఫోర్కు. కొనేటప్పుడు అందరూ వేళ్లతో నొక్కి చూసి మురిసిపోయేది దీన్నే, టూర్లో అన్నిటికంటే పనికిమాలినదీ ఇదే. ఇలాంటి బళ్లకు వచ్చే స్ప్రింగు ఫోర్కు రెండు కిలోల పైమాటే. ఎత్తులో సీటు మీంచి లేచి తొక్కితే మన బలంలో కొంత అది మింగేస్తుంది. నేను బయల్దేరగానే లాక్ చేస్తాను. తోటపల్లి కుడి కాలువ గట్టు మీద, ఊళ్లలో గేదెలకోసమే వేసినట్టుండే స్పీడు బ్రేకర్ల వరసల్లో మాత్రం తెరుస్తాను. మిగతా దెబ్బలన్నీ 45 మిల్లీమీటర్ల టైరే కాస్తుంది.

సస్పెన్షన్ ఉంటే చేతులు తిమ్మిరెక్కవనుకుంటారు, అదీ నిజం కాదు. రోడ్డు బైకుకు వంపు హ్యాండిల్ ఉంటుంది, చేతులు మూడు నాలుగు చోట్ల మార్చుకోవచ్చు. ఎంటీబీ హ్యాండిల్ అడ్డంగా కర్ర, పట్టుకోవడానికి ఒకే చోటు. అరచేతి బయటి అంచున, చిటికెన వేలి కిందుగా పోయే నరం మీద గంటల కొద్దీ ఒత్తిడి పడుతుంది. టెక్కలి చేరేసరికి చిటికెన వేలు, ఉంగరం వేలు మొద్దుబారిపోతాయి, రాత్రి భోజనాల దగ్గర ముద్ద కలుపుతుంటే అన్నం వేడి ఆ రెండు వేళ్లకి తెలియదు. అరచేతికి ఆనుకునేలా వెడల్పు గ్రిప్పులు, చివర్లకి కొమ్ముల్లాంటి బార్ ఎండ్‌లు వేశాక నాకు చాలావరకు తగ్గింది. కొండ ఎక్కేటప్పుడు ఆ కొమ్ములు పట్టుకుంటే లాగడానికీ బాగుంటుంది. సీటు మీద జెల్ కవరు వేసుకోకండి. మొదటి పది కిలోమీటర్లు సుఖంగా ఉండి, ఆ తర్వాత ఒరిపిడి మొదలవుతుంది. ప్యాడ్ ఉన్న నిక్కరు, గట్టి సీటు, ఈ రెండూ చాలు.

గ్రూపులో ఎంటీబీవాడికి కొన్ని సొంత నియమాలు కావాలి. మా పదిపన్నెండు మందిలో సగం రోడ్డు బైకులు, రెండు మూడు హైబ్రిడ్లు (రోడ్డు బైకుకీ ఎంటీబీకీ మధ్య రకం), మిగతావి నాలాంటివి. అందరికంటే వెనక స్వీప్‌గా ఒక రిటైర్డు మేస్టారు వస్తారు. ఆయన్ని దాటి వెనకబడటానికి ఎవరికీ వీల్లేదు. గాలి ఎదురైతే నేను వరసలో మూడో చోట దూరిపోతాను. నిటారు బండికి ముందువాడి చాటు ఇచ్చే లాభం మిగతావాళ్లకంటే ఎక్కువ. కానీ నా డిస్కు బ్రేకు పట్టేసినంత చురుగ్గా నా వెనక పాత రోడ్డు బైకుల రిమ్ బ్రేకులు పట్టవు. వాన పడిందంటే మరీనూ. కుక్క అడ్డొచ్చిందని నేను టక్కున ఆగితే వెనకవాడు నా మీదే ఉంటాడు. అందుకే బ్రేకు మీద వేలు వేసేముందు కేక వెయ్యాలి: ‘ఆగుతున్నా!’ హ్యాండిల్ కూడా 720 మిల్లీమీటర్లుంటే పక్కవాడి మోచెయ్యి తగులుతోందని రెండు వైపులా కోయించి 680 చేశాను.

గాలి సంగతి తెలియకుండా ఈ తీరం మీద టూరు వేసుకోకూడదు. శ్రీకాకుళం నుంచి ఇచ్చాపురం దారి ఈశాన్యంగా పోతుంది. డిసెంబరులో గాలి కూడా ఈశాన్యం నుంచే వస్తుంది, అంటే ముఖం మీదికి. మార్చి వచ్చేసరికి మధ్యాహ్నం నుంచి నైరుతి గాలి వీపు మీద చెయ్యేసి తోస్తుంది. మావాళ్లు చలికాలంలో ఇచ్చాపురం దాకా రైల్లో పోయి అక్కణ్నుంచి ఇటు తొక్కుతారు, మార్చిలో అయితే ఇటు నుంచి అటు. రోడ్డు బైకువాడు వంగి తప్పించుకుంటాడు గానీ ఎంటీబీ మీద ఎదురుగాలి అంటే ఉద్దానం కొబ్బరి తోటలు కూడా అందంగా కనపడవు.

కోతల రోజుల్లో ఇంకో తమాషా ఉంది. నరసన్నపేట దాటి ముఖలింగం పోయే లోపలి రోడ్డులో రైతులు వరి పనలు రోడ్డు మీదే పరుస్తారు, బళ్లు తొక్కితే నూర్పిడి అయిపోతుందని. ఆ గడ్డి పరకలు వెనక డిరైల్యూర్ (చైనును ఒక గేరు నుంచి ఇంకో గేరుకి మార్చేది) చిన్న చక్రాల్లోకి పోయి చుట్టుకుంటాయి. మొదట గేరు దానంతటదే మారుతుంది, తర్వాత చైను కటకటలాడుతుంది, ఇంకా తొక్కితే డిరైల్యూర్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే హ్యాంగర్ వంగిపోతుంది. నేను బండి తిరగేసి పరక పరకా పీకుతుంటే పక్కన పనలు తిరగేస్తున్న పెద్దాయన వచ్చి చూసి, ‘ఏటి బాబూ, మీ సైకిలు గడ్డి కూడా మేస్తాదేటి?’ అన్నాడు. మా మేస్టారు నవ్వాపుకోలేక రోడ్డు మీదే కూర్చుండిపోయారు. ఇప్పుడు గడ్డి కనపడితే చైను మధ్య గేర్లోకి తెచ్చి మెల్లగా పోనిస్తాను, దాటగానే దిగి ఒకసారి చూసుకుంటాను.

ఈ బండి పరువు నిలబెట్టేది ఘాట్ రోడ్డు. శృంగవరపుకోట దాటి అనంతగిరి వైపు ఎక్కేటప్పుడు ముందు 22, వెనక 36 వేస్తే గంటకు అయిదారు కిలోమీటర్లే, కానీ ఆగకుండా ఎక్కుతుంది. సామానుతో రోడ్డు బైకులు తెచ్చినవాళ్లు మలుపు మలుపుకీ దిగి తోసుకుంటూ వస్తుంటే, చదును మీద నన్ను వెక్కిరించినవాళ్లని ఒక్కొక్కర్నే పలకరించుకుంటూ దాటడంలో ఉన్న ఆనందం వేరు. సాలూరు నుంచి సుంకి వైపు ఘాట్లోనూ ఇదే కథ, అక్కడ లారీలు ఎక్కువ గనక పలకరింపులు తగ్గించుకోవాలి. దిగేటప్పుడు బ్రేకు అదిమిపట్టి ఉంచకండి. మలుపుకు ముందు గట్టిగా పట్టి, మలుపులో వదిలెయ్యాలి. లేకపోతే బ్రేకు ప్యాడ్లు కాలిన వాసన మనకే తెలుస్తుంది.

సామానుకి నా ఫ్రేము అంత అనుకూలం కాదు. వెనక క్యారియర్ బిగించడానికి కింద కన్నాలు లేవు, సీటు పోస్టుకి బిగించే రకం పెట్టాను. ఆరేడు కిలోలు దాటితే మలుపుల్లో తోక ఊపుతుంది. కొత్తగా కొనేవాళ్లు గేర్ల కంటే ముందు ఆ కన్నాలున్నాయో లేదో వంగి చూడండి. నీళ్ల సీసాకి కూడా ఒకటే చోటు. మార్చిలో అది ఏ మూలకూ చాలదు. దారి పొడుగునా బళ్ల మీద చోడంబలి (రాగి అంబలి) అమ్ముతారు కాబట్టి బతికిపోతాం. మజ్జిగ, ఉల్లిపాయ వేసిన ఆ గ్లాసుడు అంబలి ముందు ఏ ఎనర్జీ జెల్లూ నిలవదు. మందసలో కోవా దగ్గర గ్రూపు అరగంట తక్కువ ఆగదు, అది టైం టేబుల్లో వేసుకోండి.

రిపేర్ల మాటకొస్తే, మన విజయనగరం, శ్రీకాకుళం వైపు పంక్చరుకీ, స్పోకుకీ ఢోకా లేదు. ఏ ఊరి సైకిలు షాపులోనైనా చక్రం వంకర అరగంటలో తీసేస్తారు, పట్నం మెకానిక్కులకంటే చేయి మంచిదే. హైడ్రాలిక్ బ్రేకులో ఆయిల్ మార్చాలన్నా, ఈ ఫ్రేముకే సరిపోయే హ్యాంగర్ కావాలన్నా మాత్రం విశాఖ పోవాల్సిందే. బండి అమ్మిన షోరూంవాళ్లు సర్వీసుకెళ్తే సీటు తుడిచి ఇచ్చారు, హ్యాంగర్ అంటే ఏమిటని నన్నే అడిగారు. అందుకని ఒక హ్యాంగర్, ఒక జత బ్రేకు ప్యాడ్లు, తెగిన చైనును చేత్తోనే కలిపే క్విక్ లింకు నా సంచిలో ఎప్పుడూ ఉంటాయి. కళింగపట్నం బీచికి పోయి వచ్చిన రాత్రి బస చేసిన చోట బకెట్టు మంచినీళ్లు అడిగి చైను కడిగి, ఆరాక నూనె వేసి పడుకోవాలి. ఒక్క రాత్రి బద్ధకిస్తే తెల్లారేసరికి లింకుల మీద ఎర్రటి తుప్పు పొడి కనపడుతుంది.

విశాఖ నుంచి హైవే మీద వచ్చి హైవే మీదే పోయే టూర్లకి వెళ్లేవాళ్లు హైబ్రిడ్డో, గ్రావెల్ బైకో (వెడల్పు టైర్ల రోడ్డు బైకు లాంటిది) కొనుక్కోండి. ఇంట్లో ఇప్పటికే ఎంటీబీ పడుంటే కొత్త బండికి డబ్బు పోయకండి, టైర్లు, గ్రిప్పులు మార్చి ఒక టూరు చేసి చూడండి. నేను మాత్రం ఈ చలికాలానికి సస్పెన్షన్ తీసేసి రిజిడ్ ఫోర్కు, అంటే కదలని గట్టి ఫోర్కు, వేయించాలనుకుంటున్నాను. మీరూ అదే ఆలోచనలో ఉంటే ఫోర్కు పొడుగు కొలుచుకున్నాకే ఆర్డరు పెట్టండి. 100 మిల్లీమీటర్ల సస్పెన్షన్‌కి బదులుగా వాడేందుకు చేసిన పొడవాటి రిజిడ్ ఫోర్కులు వేరే ఉంటాయి. పొట్టిది వేస్తే ముందు భాగం కిందికి దిగి, స్టీరింగు తత్తరపడుతుంది.